జీజిప్: కమాండ్ లైనులో ఫైళ్ళ కుదింపు

ఫైళ్ళను కుదించి చిన్నవి చేసే కమాండ్ లైన్ ప్రోగ్రాముల్లో అందరికీ తెలిసినది జీజిప్. లినక్స్, మ్యాక్ కంప్యూటర్లలో టెర్మినల్ తెరిచి దాని పేరు, పక్కనే ఫైలు పేరు కొట్టి ఎంటర్ నొక్కితే పని అయిపోతుంది. తెరమీద ఏమీ కనిపించదు. విండో తెరుచుకోదు, ఎంత శాతం పూర్తయిందో చూపే గీత ఉండదు, 'అయింది' అన్న కబురు కూడా రాదు. తప్పు జరిగితేనే అది నోరు విప్పుతుంది. జాన్-లూ గైయీ, మార్క్ ఆడ్లర్ అనే ఇద్దరు రాసిన ఈ ప్రోగ్రాము తొలి రూపం 1992 అక్టోబరు 31న విడుదలైంది. 1.0 వెర్షన్ 1993 ఫిబ్రవరిలో వచ్చింది.

ఆ తరువాత మూడు దశాబ్దాల్లో దీనికంటే బాగా కుదించేవి వచ్చాయి, దీనికంటే ఎన్నో రెట్లు వేగంగా నడిచేవీ వచ్చాయి. ఏ పోటీ పెట్టినా జీజిప్ ఇప్పుడు మొదటి స్థానంలో నిలవదు. అయినా '.జీజెడ్' తోక తగిలించుకున్న ఫైలు ఒక్కటైనా లేని సర్వరు దొరకడం కష్టం. ఎన్నో వెబ్ పేజీలు బ్రౌజరుకు చేరేది ఈ రూపంలోనే. దాని బలం కుదింపులో లేదు. ఎవరి యంత్రం మీదైనా, ఎన్నేళ్ళ తరువాతైనా ఆ ఫైలు తెరుచుకుంటుందన్న భరోసాలో ఉంది. ఆ భరోసా కూడా ఒక పేటెంటు గొడవ పుణ్యమే.

పేటెంటు తెచ్చిన అవసరం

1980ల మధ్య నుంచి యూనిక్స్ యంత్రాల్లో కుదింపు అంటే 'కంప్రెస్' అనే ప్రోగ్రామే. టెర్రీ వెల్చ్ 1984లో ఐఈఈఈ వారి 'కంప్యూటర్' పత్రికలో వివరించిన ఎల్‌జెడ్‌డబ్ల్యూ పద్ధతి మీద అది నడిచేది. ఆ పద్ధతి మీద 1983 జూన్‌లోనే పేటెంటుకు దరఖాస్తు పడి ఉంది. 1985 డిసెంబరులో అది మంజూరైంది. వెల్చ్ పనిచేసిన స్పెర్రీ సంస్థ 1986లో బరోస్‌తో కలిసి యూనిసిస్‌గా మారింది, పేటెంటూ దానితోపాటే వెళ్ళింది. అప్పటికి కంప్రెస్ ప్రపంచమంతా పాకిపోయింది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం నడుస్తున్న గ్నూ ప్రాజెక్టుకు ఇది మింగుడు పడని విషయం. ఎవరికీ రాయల్టీ కట్టనక్కర్లేని కుదింపు సాధనం వాళ్ళకు కావాలి. గైయీ, ఆడ్లర్ ఇద్దరూ అప్పటికే ఇన్ఫో-జిప్ బృందంలో కలిసి పనిచేస్తున్నారు. కుదించే భాగం గైయీ, విప్పే భాగం ఆడ్లర్ రాశారు. జీజిప్ అలా పుట్టింది. ఈ ఆడ్లరే తరువాత నాసా వారి జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో, అంగారకుడి మీదికి వెళ్ళిన స్పిరిట్ రోవరుకు మిషన్ మేనేజరుగా పనిచేశాడు.

పేటెంటు భయం ఉత్తిది కాదని 1994 డిసెంబరులో తేలింది. జిఫ్ బొమ్మల్లోనూ ఎల్‌జెడ్‌డబ్ల్యూ ఉంది కాబట్టి, వాటిని తయారుచేసే సాఫ్ట్‌వేర్లకు లైసెన్సు రుసుము వసూలు చేస్తామని యూనిసిస్ ప్రకటించింది. దానికి జవాబుగా పుట్టిన పీఎన్‌జీ బొమ్మల ఫార్మాట్ జీజిప్ లోపలి పద్ధతినే తీసుకుంది. అమెరికాలో ఆ పేటెంటు గడువు 2003 జూన్ 20న తీరింది, కానీ అప్పటికి కంప్రెస్‌ను అడిగేవాడు లేడు. జీజిప్ మాత్రం పాత '.జెడ్' ఫైళ్ళను ఇవాళ్టికీ విప్పి పెడుతుంది. అలాంటివి కొత్తగా తయారుచేయడం మాత్రం దానికి రాదు.

జీజిప్ వాడే పద్ధతి పేరు డిఫ్లేట్. దాన్ని రూపొందించినవాడు ఫిల్ కాట్జ్, మిల్వాకీ నగరంలో పీకేవేర్ సంస్థ పెట్టి పీకేజిప్ ప్రోగ్రామును అమ్మిన మనిషి. అమ్ముకునే సరుకే అయినా ఫైలు లోపలి నిర్మాణాన్ని ఆయన దాచిపెట్టలేదు, వివరంగా రాసి బయటపెట్టాడు. ఆ ఒక్క నిర్ణయం లేకపోతే జీజిప్ లేదు. కాట్జ్ 2000 ఏప్రిల్‌లో, 37వ ఏట చనిపోయాడు. అంతకు నాలుగేళ్ళ ముందే, 1996 మేలో, జడ్‌లిబ్, డిఫ్లేట్, జీజిప్ మూడింటి వివరణలూ ఆర్‌ఎఫ్‌సీ 1950, 1951, 1952 పత్రాలుగా వచ్చాయి. వాటిని చదివి ఎవరైనా సొంతంగా ఒక జీజిప్ రాసుకోవచ్చు. ఎందరో రాసుకున్నారు కూడా.

లోపల జరిగేది

డిఫ్లేట్‌లో రెండు అంచెలు ఉంటాయి. మొదటిది ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ సంస్థకు చెందిన యాకొబ్ జివ్, అబ్రహం లెంపెల్ 1977లో ప్రచురించిన ఎల్‌జెడ్77 పద్ధతి. ఒకసారి వచ్చిన మాట మళ్ళీ వస్తే దాన్ని మళ్ళీ రాయకుండా, 'ఇంత వెనక్కి వెళ్ళి ఇన్ని బైట్లు తెచ్చుకో' అని రాయడమే అందులోని కిటుకు.

ఒక జాబితా ఉందనుకుందాం. ప్రతి వరుసలోనూ 'తూర్పు గోదావరి జిల్లా' అని ఉంది. యూనికోడ్‌లో, యూటీఎఫ్-8 పద్ధతిలో ఈ మూడు మాటలు 59 బైట్లు తీసుకుంటాయి. గుణింతపు గుర్తులనూ పొల్లునూ విడిగా లెక్కిస్తే 19 తెలుగు కోడ్‌లు, ఒక్కోదానికి మూడు బైట్లు, మధ్యలో రెండు ఖాళీలు. మొదటి వరుసలో ఆ 59 బైట్లూ రాయక తప్పదు. రెండో వరుస నుంచి దూరం, పొడవు అనే రెండు అంకెలు సరిపోతాయి. డిఫ్లేట్ నియమాల ప్రకారం ఆ జంట ఎంత దారుణంగా కుదిరినా 48 బిట్లకు, అంటే ఆరు బైట్లకు మించదు. మామూలుగా అంతకంటే తక్కువలోనే తేలిపోతుంది. వెనక్కి చూడగలిగే దూరం 32 కిలోబైట్లు, ఒక్క జంటతో తెచ్చుకోగలిగే పొడవు 3 నుంచి 258 బైట్లు.

రెండో అంచె డేవిడ్ హఫ్‌మన్‌ది. 1951లో ఎంఐటీలో రాబర్ట్ ఫానో తన క్లాసులో విద్యార్థులకు ఒక అవకాశం ఇచ్చాడు: చివరి పరీక్ష రాయండి, లేదా ఒక పేపరు సమర్పించండి. పరీక్ష తప్పించుకుందామని పేపరు ఎంచుకున్న హఫ్‌మన్, గురువుకే అంతుచిక్కని సమస్యను తేల్చేశాడు. ఎక్కువసార్లు వచ్చే గుర్తుకు తక్కువ బిట్లు, అరుదుగా వచ్చేదానికి ఎక్కువ బిట్లు ఇవ్వాలి. ఆ పంపకం ఎలా చేస్తే మొత్తం అతి తక్కువ అవుతుందో ఆయన చూపించాడు. మొదటి అంచెలో మిగిలిన బైట్లూ దూరాలూ పొడవులూ అన్నీ ఈ పంపకం కిందికి వస్తాయి.

ఇలా తయారైన ముద్దకు ముందు పది బైట్ల శీర్షిక, వెనుక ఎనిమిది బైట్ల తోక తగిలిస్తే జీజిప్ ఫైలు సిద్ధం. శీర్షికలో మొదటి రెండు బైట్లు ఎప్పుడూ 1ఎఫ్, 8బి. ఫైలు పేరు ఏదైనా, పేరు చివరి '.జీజెడ్' ఊడిపోయినా, ఈ రెండు బైట్లను చూసే అది జీజిప్ అని ప్రోగ్రాములు గుర్తుపడతాయి. ఫైలు చివరిసారి మారిన సమయం శీర్షికలోనే ఉంటుంది, అసలు పేరు దాని వెంటే వస్తుంది. తోకలో సరిచూసుకోవడానికి సీఆర్‌సీ-32 అనే మొత్తం, అసలు ఫైలు పరిమాణం ఉంటాయి. డౌన్‌లోడు మధ్యలో తెగిపోయినా, డిస్కులో ఒక బిట్ తిరగబడినా, విప్పేటప్పుడు తోక దొరకకో, ఆ మొత్తం సరిపోకో గుట్టు బయటపడుతుంది.

అసలు పరిమాణానికి కేటాయించినవి నాలుగే బైట్లు. 1992లో నాలుగు గిగాబైట్ల ఫైలంటే మాటలు కాదు మరి. దాని ఫలితం చాలా ఏళ్ళు వెంటాడింది: 500 కోట్ల బైట్ల ఫైలును కుదించి 'జీజిప్ -ఎల్' అని అడిగితే అసలు పరిమాణం 70,50,32,704 అని చెప్పేది. లెక్క 4,29,49,67,296 దగ్గర మళ్ళీ సున్నాకు తిరిగిపోవడమే కారణం. 2022లో వచ్చిన 1.12 వెర్షన్ ఆ తోకను నమ్మడం మానేసి, ఫైలంతా విప్పి లెక్కపెట్టి మరీ చెబుతోంది.

వాడేవాళ్ళు ఎరిగి ఉండాల్సినవి

'జీజిప్ లెక్కలు.టెక్స్ట్' అని కొడితే 'లెక్కలు.టెక్స్ట్.జీజెడ్' తయారవుతుంది, అసలు ఫైలు మాయమవుతుంది. కొత్తగా వాడేవాళ్ళు గుండె పట్టుకునేది ఇక్కడే. ఫైలు పోలేదు, రూపం మారింది. 'గన్‌జిప్' అని గానీ 'జీజిప్ -డి' అని గానీ అంటే తిరిగి వచ్చేస్తుంది. అసలుది కూడా ఉండాలంటే '-కె' అని చేర్చాలి. ఇంత మామూలు సౌకర్యం 2013లో 1.6 వెర్షన్ వచ్చేదాకా లేదంటే ఆశ్చర్యమే. అంతకుముందు '-సి' తో ఫలితాన్ని బయటికి పంపి వేరే ఫైలులోకి మళ్ళించుకునేవారు.

'-1' నుంచి '-9' దాకా తొమ్మిది స్థాయిలు ఉన్నాయి. ఏమీ చెప్పకపోతే 6. అంకె పెరిగేకొద్దీ వెనక్కి వెతకడానికి ఎక్కువ సమయం పెడుతుంది. 6 నుంచి 9కి పోతే దక్కే లాభం తరచు చాలా స్వల్పం, పట్టే సమయం మాత్రం బాగా పెరుగుతుంది. అలవాటుగా '-9' కొట్టేవాళ్ళు ఎక్కువమంది సమయం వృథా చేసుకుంటున్నట్టే. విప్పడానికి మాత్రం ఏ స్థాయిలో కుదించినా పెద్ద తేడా ఉండదు.

ఇక '-ఆర్'. ఫోల్డరు మొత్తాన్ని ఒక్క ఫైలుగా కుదిస్తుందనుకుని దీన్ని వాడి తల పట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ ఫోల్డరులో ఉన్న ప్రతి ఫైలునూ విడివిడిగా, ఉన్నచోటే కుదించి, అసళ్ళను తీసేయడం దాని పని. నడుస్తున్న వెబ్‌సైటు ఫోల్డరు మీద అలా చేస్తే సైటు ఆగిపోతుంది.

చాలా ఫైళ్ళను ఒక్కటి చేయడం జీజిప్ బాధ్యతే కాదు. అది టార్ అనే వేరే ప్రోగ్రాము పని. 1979 నాటి యూనిక్స్ ఏడో వెర్షన్‌లో, మాగ్నెటిక్ టేపుల మీద భద్రపరచడానికి వచ్చిన టార్ ఫైళ్ళన్నిటినీ బట్టల మూటలా ఒక్కటిగా కడుతుంది, ఏదీ కుదించదు. 'టార్ -సీజెడ్‌ఎఫ్ బడి.టార్.జీజెడ్ బడి' అంటే 'బడి' ఫోల్డరును మూటకట్టి, జీజిప్‌తో కుదించి, ఆ పేరుతో దాచమని. 'సి' అంటే కట్టు, 'జెడ్' అంటే జీజిప్ వాడు, 'ఎఫ్' అంటే వెంటనే వచ్చేది ఫైలు పేరు. విప్పడానికి 'సి' బదులు 'ఎక్స్', లోపల ఏముందో చూడటానికి 'టి'. ఆ 'ఎఫ్' దగ్గరే ప్రమాదం పొంచి ఉంది. మూట పేరు రాయడం మరిచిపోయి తిన్నగా నక్షత్రం గుర్తు కొడితే, ఫోల్డరులోని మొదటి ఫైలు పేరే మూట పేరనుకుని దాని మీద రాసేస్తుంది. అది తిరిగి రాదు.

జిప్ ఫైలుకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. జిప్‌లో ప్రతి ఫైలూ విడిగా కుదించి ఉంటుంది, చివర ఒక విషయసూచిక ఉంటుంది. కావాల్సిన ఒక్కదాన్నే తీసుకోవచ్చు. టార్.జీజెడ్‌లో చివరి ఫైలు కావాలన్నా మొదటినుంచి విప్పుకుంటూ రావాలి. దానికి బదులుగా, ఒకేలాంటి చిన్న ఫైళ్ళు వందలకొద్దీ ఉంటే వాటి మధ్య పోలికలు కూడా కుదింపులో కలిసొస్తాయి.

సర్వర్లు చూసుకునేవాళ్ళకు జీజిప్‌తో రోజూ పని. పాత లాగ్ ఫైళ్ళను లాగ్‌రొటేట్ అనే ప్రోగ్రాము కుదించి వరుస నంబర్లతో పెడుతుంది. వాటిని విప్పకుండానే జడ్‌క్యాట్‌తో చదవొచ్చు, జడ్‌గ్రెప్‌తో వెతకొచ్చు. రెండు జీజెడ్ ఫైళ్ళను ఒకదాని వెనుక ఒకటి అతికిస్తే చాలు, అదీ సరైన జీజెడ్ ఫైలే అవుతుంది, విప్పితే రెండిట్లోని సంగతులూ వరుసగా వస్తాయి.

డేటాబేసు బ్యాకప్పుల్లో ఈ సాధనం చేసే మోసం ఒకటి ఉంది. నిజానికి తప్పు దానిది కాదు. డేటాబేసును బయటికి రాసే కమాండును పైపు గుర్తుతో జీజిప్‌కు కలిపి, రోజూ రాత్రి నడిచేలా పెట్టడం ఎక్కడైనా ఉన్న ఆనవాయితీ. పాస్‌వర్డు మారి మొదటి కమాండు విఫలమైందనుకోండి. జీజిప్‌కు ఏమీ అందదు. అయినా అది తన పని తాను చేసి, శూన్యాన్ని కుదించి ఒక ఫైలు పెడుతుంది: పది బైట్ల శీర్షిక, రెండు బైట్ల ఖాళీ సరుకు, ఎనిమిది బైట్ల తోక, మొత్తం 20 బైట్లు. పైపులో చివరి కమాండు విజయం సాధించింది కాబట్టి షెల్ కూడా అంతా సవ్యమే అంటుంది. 'జీజిప్ -టి' తో పరీక్షించినా లోపం కనిపించదు, ఎందుకంటే ఫైలులో లోపం లేదు, సరుకే లేదు. బాష్ షెల్‌లో 'పైప్‌ఫెయిల్' అనే సెట్టింగు పెట్టుకుంటే ఈ వైఫల్యం దొరుకుతుంది. బ్యాకప్ ఫోల్డరులో వరుసగా 20 బైట్ల ఫైళ్ళు కనిపిస్తే మాత్రం చేయగలిగింది పెద్దగా ఉండదు.

ఏది కుదరదు, ఏది మితిమీరి కుదురుతుంది

పెళ్ళి ఫొటోల ఫోల్డరును జీజిప్‌కు అప్పగిస్తే దాదాపు అంతే పరిమాణంలో తిరిగిస్తుంది. జేపెగ్ బొమ్మలు, ఎంపీ4 వీడియోలు పుట్టుకతోనే కుదించినవి. పీడీఎఫ్ లోపల సాధారణంగా డిఫ్లేటే ఉంటుంది, వర్డ్ వాడే డాక్స్ ఫైలు నిజానికి ఒక జిప్. ఒకసారి పిండిన దానిలో పునరుక్తి మిగలదు. పైగా శీర్షిక, తోక కలిసి కాస్త పెరగవచ్చు కూడా. ఏ ఫైలునైనా తగ్గించే కుదింపు పద్ధతి గణితపరంగా అసాధ్యం: చిన్న ఫైళ్ళ సంఖ్య పెద్ద ఫైళ్ళ సంఖ్య కంటే తక్కువ కాబట్టి, కొన్ని తగ్గితే కొన్ని పెరగాల్సిందే.

దీనికి పూర్తిగా అటు చివర సున్నాలతో నిండిన ఫైలు ఉంటుంది. డిఫ్లేట్ గరిష్ఠ నిష్పత్తి సుమారు 1032కు 1. కాబట్టి 100 కోట్ల సున్నా బైట్ల ఫైలు ఒక మెగాబైటు లోపల ఒదిగిపోతుంది. దీన్ని తిరగేస్తే అదే ఆయుధం. '42.జిప్' అనే పేరున్న ఫైలు 42 కిలోబైట్లే, జిప్‌లో జిప్‌లు పెట్టుకుంటూ పోవడంతో మొత్తం విప్పితే 4.5 పెటాబైట్లవుతుంది. బయటి వ్యక్తులు పంపే ఫైళ్ళను విప్పే ప్రోగ్రాములు అందుకే పరిమాణానికి ఒక హద్దు పెట్టుకుంటాయి.

తెలుగు పాఠం సంగతి వేరు. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ప్రతిదీ మూడు బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ ఈ0, రెండోది బీ0 లేదా బీ1, అంతే. 'తెలుగు' అనే మాటకు 18 బైట్లు పడితే, అందులో మొదటి బైట్లు ఆరూ ఒకటే, రెండో బైట్లలో రెండే రకాలు. అసలు విషయం మూడో బైటులోనే ఉంది. హఫ్‌మన్ పద్ధతికి ఇలాంటి పునరుక్తి పండగే, అందుకే పెద్ద తెలుగు ఫైలు కుదిస్తే బాగా తగ్గుతుంది. కానీ ఆ మూడు బైట్లే మరోచోట దెబ్బ తీస్తాయి. జీజిప్ వెనక్కి చూడగలిగే 32 కిలోబైట్లలో ఇంగ్లీషు అక్షరాలు 32 వేలకు పైగా పడతాయి, తెలుగు కోడ్‌లు పదకొండు వేలకు మించవు. కొద్ది పేజీల వెనుక వచ్చిన పేరు మళ్ళీ వచ్చినా జీజిప్‌కు అది కొత్తదే. తెలుగు పుస్తకాలు, పత్రికల పాఠాలు పెద్ద ఎత్తున దాచేవాళ్ళు ఇంతకంటే దూరం చూడగల సాధనాన్ని ఎంచుకోవడంలో అర్థముంది.

తరువాత వచ్చినవి

అలాంటి వాటిలో ముందు వచ్చింది బీజిప్2. మైఖేల్ బరోస్, డేవిడ్ వీలర్ 1994లో ప్రకటించిన అక్షరాల పునర్వ్యవస్థీకరణ మీద ఆధారపడి, జూలియన్ సీవార్డ్ 1996లో విడుదల చేశాడు. ఒక్కసారి 900 కిలోబైట్ల దాకా తీసుకుని పనిచేస్తుంది, నెమ్మదిగా. తెలుగు వికీపీడియా సహా వికీపీడియాల వ్యాసాల డంపులు నేటికీ ఈ రూపంలో దొరుకుతాయి.

తరువాతిది ఎక్స్‌జెడ్. ఇగోర్ పావ్లోవ్ 7-జిప్ కోసం చేసిన ఎల్‌జెడ్‌ఎంఏ దీని మూలం. మామూలు స్థాయిలో 8 మెగాబైట్ల వెనక్కి చూస్తుంది, '-9' లో 64 మెగాబైట్లు. లినక్స్ కెర్నెల్ మూలపాఠాన్ని పంచే కెర్నెల్.ఆర్గ్ 2013 చివర్లో బీజిప్2ను వదిలి దీనికి మారింది, జీజిప్‌ను మాత్రం వదల్లేదు. ఎక్స్‌జెడ్ పేరు పత్రికల మొదటి పేజీకి ఎక్కింది వేరే కారణంతో. ఏళ్ళ తరబడి దాదాపు ఒంటరిగా దాన్ని చూసుకుంటున్న లాస్సే కొల్లిన్‌కు సాయం చేస్తానంటూ జియా టాన్ అనే పేరుతో వచ్చిన వ్యక్తి, నమ్మకం సంపాదించి, 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి పెట్టాడు. సర్వర్లలోకి చొరబడే ఏర్పాటు అది. పరీక్షల కోసమని పెట్టిన కుదించిన ఫైళ్ళలోనే ఆ కోడ్‌ను దాచాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు మార్చి 29న దాన్ని బయటపెట్టాడు. అప్పటికి అది ప్రయోగాత్మక లినక్స్ విడుదలల్లోకే చేరింది కాబట్టి పెద్ద గండం తప్పింది.

ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవారికి చాలామంది సూచించేది జెడ్-స్టాండర్డ్. ఎల్‌జెడ్4 కూడా రాసిన యాన్ కొల్లే ఫేస్‌బుక్‌లో పనిచేస్తూ 2016 ఆగస్టులో దీని 1.0 వెర్షన్ విడుదల చేశాడు. పోలండ్ శాస్త్రవేత్త యారెక్ దుదా కనిపెట్టిన కోడింగ్ పద్ధతి ఇందులో హఫ్‌మన్‌కు తోడుగా ఉంది. జీజిప్ కంటే బాగా కుదిస్తూనే చాలా వేగంగా విప్పుతుంది. ఆర్చ్ లినక్స్ తన ప్యాకేజీలను 2019 చివర్లో ఎక్స్‌జెడ్ నుంచి దీనికి మార్చినప్పుడు, మొత్తం పరిమాణం 0.8 శాతం పెరిగిందనీ, విప్పే వేగం సుమారు 1300 శాతం పెరిగిందనీ ప్రకటించింది. చిన్న చిన్న ఫైళ్ళు లక్షల్లో ఉంటే ముందుగా వాటి నమూనాతో ఒక నిఘంటువు తయారుచేసి ఇవ్వొచ్చు, జీజిప్ ప్రోగ్రాములో ఆ వెసులుబాటు లేదు.

ఇన్ని వచ్చినా '.జీజెడ్' తగ్గలేదు. దాన్ని వదలకుండానే వేగం పెంచే దారులు వెతికారు. ఆడ్లరే పిగ్జ్ అనే ప్రోగ్రాము రాశాడు. ప్రాసెసరులోని కోర్లన్నిటినీ ఒకేసారి పనిలో పెట్టి, మామూలు జీజిప్ విప్పగలిగే ఫైలునే తయారుచేస్తుంది. గూగుల్ 2013లో విడుదల చేసిన జోప్‌ఫ్లి ఎంత సమయం పట్టినా సరేనని వెతికి, జీజిప్ '-9' కంటే కొన్ని శాతాలు తగ్గిస్తుంది. ఐబీఎం 2019లో తెచ్చిన జడ్15 మెయిన్‌ఫ్రేములో డిఫ్లేట్ కోసం ప్రాసెసరు చిప్పులోనే ప్రత్యేక భాగం పెట్టింది. విండోస్ 10లో 2018 నుంచి టార్ కమాండు దానంతటదే వస్తోంది, 2023లో విండోస్ 11 ఫైల్ ఎక్స్‌ప్లోరరు కూడా టార్.జీజెడ్ ఫైళ్ళను నేరుగా తెరవడం నేర్చుకుంది.